పక్కింటి పొయ్యిలో దిగిన గొట్టం

8, పైవరస ఇళ్ళు,
బ్రిన్‌గ్లాస్.
అక్టోబరు, మొదటి వారం

ఏడో నంబరు ఇంటి శ్రీమతి ఎలునెడ్ పారీ గారికి,

ఎనిమిదో నంబరు ఇంటి కుమారి మెన్నా హ్యూస్ రాయునది.

మీరు నాకు స్వయానా అక్క అన్న సంగతి ఊరంతటికీ తెలుసు కాబట్టి ఇక్కడ దాచి లాభం లేదు. మీతో జన్మలో మాట్లాడనని పదకొండేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. అందుకే రాస్తున్నాను. మనిద్దరికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. అయినా ఈ ఉత్తరాన్ని వీధి చివరి డబ్బాలోనే వేస్తాను. అది పట్నం వెళ్ళి, ముద్ర వేయించుకుని, కొండెక్కి మళ్ళీ వచ్చి మీ తలుపు సందులో పడుతుంది. చేతికిస్తే పలకరించినట్టవుతుంది.

నిన్న మధ్యాహ్నం నేను ముందుగదిలో టీ పోసుకుని, ఎండుద్రాక్ష రొట్టెకి వెన్న రాసుకుంటున్నాను. పొయ్యి ఇంకా వెలిగించలేదు. ముందు కాస్త మసి రాలింది. కాకి గూడేమో అనుకున్నాను. తర్వాత ఒక తాడు దిగింది. రొట్టె కింద పెట్టాను. తాడు వెనకాలే తళతళా మెరిసే స్టీలు గొట్టమొకటి, ఒళ్ళంతా మడతలు మడతలుగా, శంకులాంటి మూతి పెట్టుకుని నా పొయ్యిలోంచి బయటికి చూసింది. మా పిల్లి ఒక్క గెంతులో కాళ్ళున్న పెద్ద హార్మోనియం ఎక్కింది. ఇప్పటికీ దిగలేదు.

పైనుంచి ఎవరో మగగొంతుతో "అందిందా అమ్మా?" అని అరిచారు. అందిందని నేనెందుకు చెబుతాను? తాడు రెండు చేతులా పట్టుకుని గొట్టాన్ని బారెడు లాగి, హార్మోనియం కాలికి గట్టిగా కట్టేశాను. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తే హెవిన్ బండి మీ గుమ్మం ముందుంది. చిమ్నీల పని చేసే హెవిన్ మీ కప్పు మీద ఉన్నాడంటే ఈ గొట్టం వెనక ఉన్నది మీరేనని చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

పెద్దమనిషి ఇంట్లోకి కప్పు మీంచి స్టీలు దించడం ఏ మర్యాదో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మెన్నా హ్యూస్
(బేతేలు ప్రార్థన మందిర సభ్యురాలు)


7, పైవరస.
నీ ఉత్తరం అందిన రోజే

మెన్నా,

"రాయునది" అట, "లిఖితపూర్వకంగా" అట! బడి మానేసి ఇన్నేళ్ళయినా నీ పంతులమ్మ బుద్ధి పోలేదు. నేనా మర్యాదలన్నీ మొదలుపెడితే ఈ కాగితం చాలదు. సూటిగా రాస్తాను.

ఆ గొట్టం నాది. మా ముందుగది పొయ్యి కోసం తెప్పించాను. పాత చిమ్నీ లోపల స్టీలు గొట్టం దించితే పొగ చక్కగా లాగుతుందట, బొగ్గు తక్కువ పడుతుందట. ఇప్పుడందరూ వేయించుకుంటున్నారు. అంతకుమించి వేరే కారణమేమీ లేదు.

కప్పు మీద చిమ్నీ మూతులకి మట్టికుండలుంటాయి కదా, హెవిన్ దాన్ని తప్పు కుండలో దించాడు. వాడి ఎడమ చెవి మందం. నేనిక్కడ మా పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తాడు ఎప్పుడొస్తుందా అని మొహం పైకెత్తి, కంట్లో మసి పడి ఏడుస్తున్నాను. పైనుంచి వాడేమో "అబ్బో, ఏం లాగుతున్నావమ్మా పారీ గారమ్మా! ఈ వయసులో ఏం బలమమ్మా!" అని మెచ్చుకుంటున్నాడు. నా చేతిలో దారప్పోగు కూడా లేదు. లాగిందెవరో ఆ సాయంత్రం గాని తెలియలేదు. అరవై దాటిన దానివి, నడుం పట్టేసిందా లేదా?

చిమ్నీ లోపల దారి వంకర్లు తిరిగి ఉంటుంది. గొట్టం మూతికి బిగించిన శంకు విప్పితే తప్ప అది వెనక్కి రాదట. ఆ శంకు నీ వైపుంది. హెవిన్‌ని లోపలికి రానిస్తే చిటికెలో విప్పుకుని పోతాడు. నిన్న వాడు తలుపు కొడితే తెర సందులోంచి చెయ్యి ఊపి పొమ్మన్నావట.

చలి ముంచుకొస్తోంది. నాకా గొట్టం కావాలి.

ఎలునెడ్


8, పైవరస.
అక్టోబరు చివర

శ్రీమతి పారీ గారికి,

మీ ఉత్తరం అందింది. నా నడుం నిక్షేపంగా ఉంది. అడిగినందుకు సంతోషం.

గొట్టం విషయం నేనొక్కదాన్నే తేల్చేది కాదని బేతేలు పెద్దల ముందు పెట్టాను. ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ వారు దీర్ఘంగా విచారించారు. చిమ్నీలో కాకి గూడు దిగితే ఊడ్చేదెవరు? పొయ్యి గలవారు. వాన దిగితే తుడిచేదెవరు? పొయ్యి గలవారు. మసి దిగితే కడిగేదెవరు? వారే. దిగిన దరిద్రమంతా పొయ్యి గలవారిదైనప్పుడు స్టీలు మాత్రం పక్కింటివారిదెలా అవుతుందని పెద్దాయన అడిగారు. క్రిస్మస్ తాత దించిన సంచి ఇంతవరకూ ఏ ఇంటివారైనా వెనక్కి పంపారా అని ఇంకొకాయన అడిగారు. పంపలేదని అందరూ ఒప్పుకున్నారు. కాబట్టి గొట్టం నాది.

దాన్ని నేను బాగానే చూసుకుంటున్నాను. మెడ భాగం మీద మేజోళ్ళు ఆరేస్తున్నాను. పిల్లికి భయం తీరి, ఇప్పుడు మూతి దగ్గరే పడుకుంటోంది. నేను వంటింటి పొయ్యి దగ్గరికి మారాను గనక ముందుగది దానికే వదిలేశాను. గాలి వీచినప్పుడల్లా అది ఊళ వేస్తుంది. హార్మోనియం మీద సరిచూశాను, కచ్చితమైన శ్రుతి. మీకు శ్రుతి పట్టింపు గదా, అందుకని చెబుతున్నాను. సీయోను మందిరంలో పాటల పండగ రోజు, నాలుగూళ్ళ జనం మధ్య, ముందు బల్ల మీంచి వెనక్కి తిరిగి "మెన్నా, శ్రుతి దిగుతోంది" అన్నారు మీరు. ఆ మాట అనిపించుకున్నాక ఆ మందిరం గడప తొక్కలేదు నేను. మా గొట్టాన్ని మాత్రం మీరు కూడా ఏమీ అనలేరు.

ఇంకో విశేషం. చలికాలం వస్తే చాలు, తెల్లవారి లేచేసరికి నా తల బద్దలయ్యేది. కళ్ళు తిరిగేవి. పోయిన ఏడాది మెట్ల మీద పడ్డాను కూడా. ఈసారి అక్టోబరు వెళ్ళిపోతున్నా తల తేలిగ్గా ఉంది. డాక్టరు ఇచ్చిన మందేదీ మారలేదు. మారిందల్లా ఒక్కటే. ఈ మధ్య మీరు పెరట్లోకి రావడం తగ్గించారు. మీ మొహం కనపడకపోతే నాకు ఆరోగ్యమని తేలిపోయింది.

అన్నట్టు, మీ చిమ్నీలోంచి పొగ రావడం లేదేం? బొగ్గు స్వర్గానికి పట్టుకెళతారా?

ఇట్లు,
మెన్నా హ్యూస్


7, పైవరస.
నవంబరు

మెన్నా,

మీ పెద్దలు తీర్పు చెబితే మా వాళ్ళు ఊరుకుంటారా? మొన్న ఆదివారం సీయోనులో పాస్టరు గారు పొరుగువారి సొత్తుకి ఆశపడేవాళ్ళ గురించి గంటసేపు ప్రసంగించారు. అప్పుడే ఎదురుగా బేతేలులో, పైనుంచి దిగివచ్చే వాటిని వినయంగా అందుకోవాలని మీ పాస్టరు ప్రసంగిస్తున్నాడట. మధ్యలో వీధిలో నిలబడ్డ పోస్టుమాన్ ఈవోర్‌కి రెండూ వినపడ్డాయట. "నేనెటు పోవాలో తెలీక సారాకొట్టుకి పోయానండీ" అన్నాడు. మీ మందిరం వాళ్ళ దగ్గర మా వాళ్ళు గుడ్లు కొనడం మానేశారు. ఊళ్ళో ఇప్పుడు గొట్టంవాళ్ళు, పొయ్యివాళ్ళు అని రెండు జట్లు. ఇదంతా నీ హార్మోనియం కాలి పుణ్యం.

పోనీ, ఆ మాట వదిలెయ్. నాకొకటి తేలాలి. మన కప్పు మీద చిమ్నీకి ఎనిమిది కుండలున్నాయి. నీవి నాలుగు, నావి నాలుగు. లోపల దారులు మెలికలు తిరిగి ఉంటాయి, ఏ కుండ ఏ పొయ్యిదో చూసి చెప్పలేం. అందుకని హెవిన్ తాత కాలం నుంచీ ఒకటే పద్ధతి. ఇంటావిడ పొయ్యిలో తల పెట్టి పాట పాడాలి. పైన అతను కుండ కుండకీ చెవి పెట్టి, పాట ఏ కుండలోంచి వస్తే ఆ కుండలో గొట్టం దించాలి. రాళ్ళు వేసి చూసేవాళ్ళు వేరే ఊళ్ళలో ఉన్నారేమో, బ్రిన్‌గ్లాస్‌లో అంత గతిలేని వాళ్ళెవరూ లేరు.

ఆ రోజు నేను పాడాను. మన నాన్న పోయినప్పుడు పాడిన పాటే. నా కుండలోంచి రావలసిన పాట నీ కుండలోంచి ఎలా వచ్చింది?

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ సమయంలో నువ్వు నీ పొయ్యి దగ్గర పాడావా?

అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు. చేతికి ఉన్నితొడుగు వేసుకుని రాస్తున్నాను. చలి అని కాదు. కొత్త తొడుగు, అలవాటు చేసుకుంటున్నాను.

ఎలునెడ్


8, పైవరస.
నవంబరు చివర

శ్రీమతి పారీ గారికి,

పాడానా? నేనా? మీ పాటకా?

ఆ సమయంలో నేనేం చేస్తున్నానో స్పష్టంగా గుర్తుంది. రొట్టె ముక్క గొంతుకి అడ్డం పడితే సవరించుకున్నాను. గొంతు సవరింపు కొంచెం పొడుగ్గా సాగి ఉండవచ్చు. పైకీ కిందికీ కూడా పోయి ఉండవచ్చు. మధ్యలో పిల్లిని పేరు పెట్టి పిలిచాను. దాని పేరు పొడుగు. ఇదంతా కలిపి ఎవరైనా పాట అనుకుంటే ఆ తప్పు నాది కాదు.

ఈ ప్రశ్న మళ్ళీ అడగవద్దు.

నాకూ ఒక ప్రశ్న ఉంది. ఈవోర్ నా దగ్గర టీ తాగుతూ నోరు జారాడు. ముందు మన ఉత్తరాల మీద విసుక్కున్నాడు. "ఈ గోడకి అటునుంచి ఇటు రావడానికి ఉత్తరం కొండ దిగి పట్నం పోయొస్తందండీ. ఎక్కేదీ దిగేదీ నా కాళ్ళేనండీ మెన్నాగారూ. గోడకో బొక్క పెట్టుకోరాదా ఇద్దరూ?" అన్నాడు. పెట్టుకోము అన్నాను. అప్పుడన్నాడు: "మీ అక్కగారు ఇంట్లో టోపీ పెట్టుకుని తిరుగుతున్నారండీ. కిటికీ అద్దాలకి లోపలేపు మంచు కట్టింది. వంటింట్లో గ్యాసు మీద కెటిలు పెట్టి, దాన్ని వాటేసుకుని కూర్చుంటన్నారు. మాటకి ముందో దగ్గు, మాటెనక ఓ దగ్గు. పొయ్యి ముట్టించుకోండమ్మా అంటే, నీ ఉత్తరాలు నువ్విచ్చిపో అని కసిరారండీ."

గొట్టం నా దగ్గరుంటే మాత్రం ఏం? ఆ చిమ్నీ వందేళ్ళుగా గొట్టం లేకుండానే పనిచేసింది. మన అమ్మ దాని ముందే మనిద్దరికీ జుట్టు ఆరబెట్టింది. ఇంట్లో బొగ్గు ఉంది, పెరట్లో కుప్ప కనపడుతూనే ఉంది. అగ్గిపెట్టె లేకపోతే ఈవోర్ చేత పంపిస్తాను. ఈ నిరాహారదీక్షలాంటి పని ఎందుకు? మెన్నా గొట్టం ఇవ్వక నేను చలికి చచ్చానని ఊరు నన్ను వేలెత్తి చూపాలనా?

జవాబు కావాలి.

ఇట్లు,
మెన్నా


7, పైవరస.
డిసెంబరు

మెన్నా,

నా పొయ్యి, నా ఇష్టం.

మెడకి చుట్టుకోమని నువ్వు ఈవోర్ చేత పంపిన ఎర్ర శాలువా నువ్వు పంపలేదని వాడు ప్రమాణం చేసి చెప్పాడు. నువ్వు పంపలేదు కాబట్టి తిప్పి పంపడం లేదు.

హెవిన్‌ని లోపలికి రానియ్యి. ఇంకేమీ అడగను.

ఎలునెడ్


8, పైవరస.
డిసెంబరు, సోమవారం

శ్రీమతి ఎలునెడ్ పారీ గారికి,

మీరు అడిగినట్టే హెవిన్‌ని లోపలికి రానిచ్చాను. రానిచ్చి తలుపు గడియ వేశాను. మాంసం దుంపల పులుసు రెండు గిన్నెలు పెట్టాను. పెనం మీద కాల్చిన తీపి బిళ్ళలు పెట్టాను. నాలుగో బిళ్ళ మీద ఉండగా అడిగాను, ఆవిడ పొయ్యి ఎందుకు ముట్టించడం లేదని. బిళ్ళ పళ్ళెంలో పెట్టేశాడు.

"మెన్నమ్మా, నన్నడక్కు. ఒట్టేయించుకుందమ్మా మీ అక్క. నోరిప్పావంటే మీ అమ్మకి చెబుతానంది."

హెవిన్‌కి యాభై దాటాయి. అయినా వాళ్ళమ్మంటే ఇప్పటికీ హడలే. నేను కూడా వాళ్ళమ్మకి చెబుతానన్నాను, అతను ఒప్పుకున్న పని పూర్తి చేయకుండా నెలల తరబడి తిరుగుతున్నాడని. దాంతో దిగివచ్చాడు.

"ఈస్టరు ముందు మసి దులపడానికొచ్చానమ్మా. చిమ్నీ బాగుందో లేదో చూద్దామని పొయ్యిలో పొగబిళ్ళ ముట్టించి, ఇద్దరం పెరట్లోకొచ్చి పైకి చూస్తన్నాం. కుండల్లోంచి ఏమీ రాలా. మీ పడగ్గది కిటికీలోంచొచ్చింది. గుప్పుగుప్పున. మీరప్పుడు బేతేలులో ఉన్నారు. చిమ్నీ లోపల మీ దారులకీ వాళ్ళ ముందుగది దారికీ మధ్య ఇటుకగోడ ఎప్పుడో కూలిపోయిందమ్మా. ఆవిడ మంటేస్తే ఆ గాలంతా మీ మంచం పక్కకే వస్తంది. పొగన్నా కనపడతది, దాంతో వచ్చే విషానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో పోయేవారమ్మా మీరు. మీ అక్క మీ కిటికీ వంక చూసి, 'హెవిన్, కుర్చీ తే' అన్నారు. అంతే. ఆ రోజు నించి ఏ గది పొయ్యిలోనూ అగ్గిపుల్ల గియ్యలా. గొట్టం పడేదాకా గియ్యనన్నారు. వేసవంతా నేనే వేరే పనుల మీదుండి ఆలస్యం చేశా."

ఇదంతా విని, నేను మీకు ఎంతో గౌరవంగా ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పైన "గారికి" అని కూడా పెట్టాను. మీరు... మీరేమిటి నా బొంద! నువ్వు!

నీకేమైనా మతి ఉందా? నా తలనొప్పి కోసం ఇన్ని నెలలు చలిలో కూర్చున్నావా? కూర్చుని, బొగ్గు తక్కువ పడుతుందని రాస్తావా నాకు? కొత్త తొడుగు అలవాటు చేసుకుంటున్నానని రాస్తావా? నేనిక్కడ నీ మొహం చూడకపోవడం వల్ల ఆరోగ్యం బాగుపడిందని గొప్పగా రాసి, దానికి స్టాంపు కూడా అంటించాను. ఆ ఉత్తరం చదివేటప్పుడు నీకు కోపం రాలేదా? "పిచ్చి మొద్దూ, నీ ప్రాణం కోసమే" అని ఒక్క ముక్క రాయలేకపోయావా? రాస్తే నేను కృతజ్ఞత చెప్పాలి, చెప్పాలంటే మాట్లాడాలి, అంతే కదా? అంత రోషమా? మన అమ్మ బతికి ఉంటే ఇద్దరినీ కలిపి పెరట్లో నిలబెట్టేది.

నేను ఏడవడం లేదు. కాగితం మీద పడింది టీ.

సరే, విను. అడిగావు కాబట్టి చెబుతున్నాను. పాడాను. నువ్వు పైగొంతు ఎత్తుకున్నావు, గోడ అవతల నుంచి కాకుండా చిమ్నీలోంచే వినపడింది. గోడ కూలిందని నాకేం తెలుసు, దెయ్యమేమో అనుకున్నాను. తర్వాత నీ గొంతు గుర్తు పట్టాను. ఆ పాట ఒంటిగొంతుతో వింటే మూడు కాళ్ళ కుర్చీలా ఉంటుంది. నోరు దానంతట అదే తెరుచుకుని కిందిగొంతు అందుకుంది. నేను ఒట్టు పెట్టుకున్నది మాట్లాడనని. పాట సంగతి ఆ రోజు తోచలేదు.

తప్పు కుండలో ఎందుకు దించావని కూడా హెవిన్‌ని అడిగాను. చెప్పాడు. అతని చెవులు రెండూ దివ్యంగా ఉన్నాయని ఇప్పుడు నాకు తెలుసు. అంతకుమించి నేను రాయను. కొన్ని సంగతులు రాయకుండా ఉండడం నీకొక్కదానికే వచ్చా?

ఇప్పుడు జరగవలసింది. ఈ గొట్టం నా పొయ్యికి సరిగ్గా కుదిరి కూర్చుంది. కింద రేకు బిగించాక నా పొయ్యి కూడా భద్రమే, తీయొద్దు అన్నాడు హెవిన్. నీకు ఇంకొకటి తెస్తాడు. పొరపాటు తనది కాబట్టి అది తన లెక్కలోనే అన్నాడు. గురువారం వస్తాడు. నువ్వు పాడాలి. నేను మాత్రం నోరు విప్పకూడదని అతను నా చేత బేతేలు మీద ప్రమాణం చేయించుకున్నాడు. "మెన్నమ్మా, మూడో గొట్టం నా దగ్గర లేదు" అని చేతులు జోడించాడు. పాడను. నోట్లో చేతిగుడ్డ కుక్కుకుని కూర్చుంటాను.

గురువారం దాకా ఆ టోపీ తీయకు.

మెన్నా


7, పైవరస, పొయ్యి ముందు నుంచి.
గురువారం

మెన్నా,

దీనికి స్టాంపు లేదు. ఈవోర్ ఇక్కడే హెవిన్ ఎక్కిన నిచ్చెన పట్టుకుని ఖాళీగా నిలబడ్డాడు, వాడి చేత పంపుతున్నాను. పట్నం పోకుండా వస్తున్న మొదటి ఉత్తరమని వాడు దీన్ని ముద్దు పెట్టుకున్నాడు. మూల తడిగా ఉంటే అదీ సంగతి.

నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నీ వైపు నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. ఇప్పుడు నా సంగతి చెబుతాను.

పొయ్యిలో తల పెట్టి మొదటి పాదం ఎత్తుకున్నాను. ఈ చలికి గొంతులో ఏమీ మిగల్లేదు. రెండో పాదంలో దగ్గొచ్చింది. మూడో పాదానికి అసలు ఎక్కడున్నానో నాకే తెలియలేదు. కింద నువ్వు లేవు. నేను దేన్ని పట్టుకుని పైకి పోవాలి? పైనుంచి హెవిన్ అరుస్తున్నాడు: "పారీ గారమ్మా, పాట వినపడట్లేదమ్మా, దగ్గే వినపడతంది! అది కూడా నాలుగు కుండల్లోంచి వస్తంది! దేంట్లో దించమంటారు?"

ఆపేశాను.

వాడు నీతో ఏమన్నాడో నాకు తెలుసు. నాతో మొదటి రోజే అన్నాడు, నీ హార్మోనియం కాలికి గొట్టం కట్టిన సాయంత్రమే. "రెండు కుండల్లోంచి పాటొచ్చిందమ్మా. శ్రుతిలో ఉన్నదాంట్లో దించా" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా మగవాళ్ళ బృందంలో పాడుతున్నాడు, వాడి చెవికి వంక పెట్టడానికి లేదు. అందుకే ఎడమ చెవి మందమని నీకు రాశాను. ఊరందరి ముందు నేను నీకు అంటగట్టిన మాట, వాడు కప్పు మీద నిలబడి నాకు తిప్పి ఇచ్చాడు. నీకు తెలిసి కూడా ఎత్తిపొడవలేదు. పొడిచి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు. ఆ రోజు సీయోనులో దిగింది ఎవరి శ్రుతో ఇప్పుడు దేవుడికే తెలియాలి. నాకు మాత్రం అనుమానంగానే ఉంది.

చలి వెయ్యలేదని రాశాను కదా. వేసింది. చాలా వేసింది. అయినా పొద్దున్నే నీ పడగ్గది కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడేది. లేచింది, బాగానే ఉంది అనుకుని కెటిలు పెట్టుకునేదాన్ని.

ఇక చెయ్యవలసింది ఒక్కటే. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర పాడితే హెవిన్ తప్పు కుండ పట్టుకోవడానికి వీలే లేదు. వెనక తలుపు తీసి ఉంచాను. శాలువా కప్పుకుని రా, ఇక్కడ చలి. త్వరగా రా, వాడు కప్పు మీద ఆ గొట్టాన్ని వాటేసుకుని నిలబడ్డాడు, గాలి ఎక్కువగా ఉంది. వస్తూ వస్తూ మంచి కప్పులు రెండు పట్టుకురా. నావి చలికి పగిలాయి.

అక్క


(అదే కాగితం వెనక)

8, పైవరస, గుమ్మంలోంచి.

అక్కా,

కప్పులు తెస్తున్నాను. రొట్టె కూడా. ఈవోర్ ఈ కాగితం నీకిచ్చేలోపే నేను నీ పొయ్యి ముందుంటాను, అయినా రాయకుండా ఉండలేకపోయాను.

శ్రుతి మాత్రం నేనిస్తాను.

మెన్నా